1989 మెర్సిడెస్ 560 ఎస్‌ఈఎల్ అమ్మకానికి ఉంది, కొనొచ్చా?

నెకార్_వాసి:
స్టుట్‌గార్ట్ పక్కన ఓ డీలర్ దగ్గర 560 ఎస్‌ఈఎల్ చూశా. డబ్ల్యూ126 (ఆ తరం ఎస్-క్లాస్‌కి కంపెనీ కోడ్), బ్లూ బ్లాక్ మెటాలిక్, లోపల క్రీమ్ లెదర్. జపాన్ నుంచి తెప్పించాడట, తక్కువ తిరిగిందట, కలెక్టర్లకే ఇస్తానంటూ రేటు మాత్రం గట్టిగా చెప్తున్నాడు. ఈ బండి నడిపినవాళ్లు ఏం చూసుకోవాలో చెప్పండి.

పాతబెంజ్:
కిలోమీటర్లు పక్కన పెట్టండి. వీటిలో ఓడోమీటర్ ప్లాస్టిక్ గేర్లు విరిగి అంకె ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, స్పీడు ముల్లు మాత్రం మామూలుగానే తిరుగుతుంటుంది. సర్వీస్ బుక్ లేకపోతే ఆ మాటకి విలువ లేదు. బాడీ చూడండి ముందు. వెనక అద్దం కింది మూలల్లో రబ్బరు పక్కన పెయింటు పొంగిందా, డిక్కీ కార్పెట్ ఎత్తితే స్పేర్ టైర్ గుంటలో తడి ఉందా, డోర్ల కింద ప్లాస్టిక్ ప్యానెళ్ల వెనక జాకీ పెట్టే చోట్లు గట్టిగా ఉన్నాయా. పైన పటారం లోన లొటారం బండ్లు చాలా ఉన్నాయి.

వీ8_బాబాయి:
పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి, అంతే. స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి గలగల వినిపిస్తే టైమింగ్ చెయిన్ (ఇంజిన్ లోపల వాల్వుల్ని నడిపే గొలుసు) సంగతి చూడాల్సిందే. చెయిన్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడ్ పట్టీలు ఇన్నేళ్లకి పెళుసైపోతాయి. తెలిసినాయన ఒకరు తర్వాత చూద్దాంలే అనుకున్నాడు, ముక్క విరిగి చెయిన్ జంపై వాల్వులు వంగాయి, రిపేరు ఖర్చు విని బండే అమ్మేశాడు. వెనక సస్పెన్షన్ ఎత్తిపడేస్తుంటే నైట్రోజన్ గోళాలు (కుదుపుల్ని మింగే గ్యాస్ బుడ్డీలు) పోయినట్టే, అదేం పెద్ద పని కాదు.

గేర్_హైదరాబాద్:
అన్నా, ఇలాంటిది మన ఊరికి తెచ్చుకోలేమా?

పాతబెంజ్:
కష్టం తమ్ముడూ. మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కార్లని ఇండియాలోకి మామూలుగా రానివ్వరు, పైగా ఇది లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. బాగా పాతకాలం బండ్లకిచ్చే వింటేజ్ మినహాయింపుకి 1989 బండి పనికిరాదు. జర్మనీలోనే ఉంచుకుంటే సుఖం. 30 ఏళ్లు దాటింది కాబట్టి, ఒరిజినల్‌గా ఉంటే హెచ్ ప్లేటు (పాతకాలం కార్లకిచ్చే నంబర్ ప్లేటు) వస్తుంది, ఏడాదికి 191.73 యూరోల ఫిక్స్‌డ్ ట్యాక్స్, సిటీల్లో పొగ ఎక్కువ వదిలే బండ్లని ఆపే ఎన్విరాన్‌మెంట్ జోన్లలోకీ స్టిక్కర్ లేకుండా వెళ్లొచ్చు. పెట్రోలు సంగతంటారా, 5.5 లీటర్ల వీ8 అంటే ఏనుగుని ఇంట్లో కట్టేసుకున్నట్టే.

నెకార్_వాసి:
వెళ్లి చూసి వచ్చాను. రేడియేటర్ దగ్గరి ప్లేటు మీద రంగు నంబర్ 199, అంటే బ్లూ బ్లాకే, డేటా కార్డులోనూ (ఫ్యాక్టరీ వివరాల కార్డు) అదే. ఇంజిన్ చప్పుడు శుభ్రంగా ఉంది. కానీ వెనక అద్దం ఎడమ మూలలో వేలిగోరంత బుడగ, డిక్కీలో నీటి మరక. అద్దం తీసి చూపించమంటే కుదరదన్నాడు.

వీ8_బాబాయి:
అయితే వదిలేయండి. లేదంటే రేకు పనికి వర్క్‌షాప్‌లో కొటేషన్ తీసుకుని, ఆ మొత్తం తగ్గిస్తేనే మాట్లాడండి. 560 కాకపోతే 420 ఎస్‌ఈఎల్ చూడండి, బాడీ అదే, జనం 560 వెనకే పడతారు కాబట్టి బాగున్నది కాస్త నయం రేటుకే దొరుకుతుంది.