ప్రార్థనను తెలుగు పీరియడ్‌లో రాయించొచ్చా? రాయిస్తే మార్కులేయాలా?

ఓరుగల్లు_తెలుగుపంతులు:
తెలుగు పుస్తకంలో ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ కింద లేఖ, సంభాషణ, కవిత రాయిస్తాం కదా. మన ఉమ్మడి వరంగల్ మిషన్ బడుల్లో కొన్నిచోట్ల అక్కడే ‘నీ సొంత ప్రార్థన ఒకటి రాయి’ అని ఇచ్చి, దాన్నే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల రాతపనిగా లెక్కేస్తున్నారు. తరగతిలో క్రైస్తవేతర పిల్లలే ఎక్కువ. ఇది సరైన పనేనా?

నా మాట ముందే చెప్తున్నా. ప్రార్థన రాయించడానికి దారులున్నాయి. దాని మీద ఎర్రపెన్ను పెట్టడానికి మాత్రం లేవు. మార్కులుంటే పిల్లలు దేవుడికి రాయరు, సారుకి రాస్తారు. కాదంటే ఎందుకో చెప్పండి. ‘మా బళ్లో ఒకసారి ఏమైందంటే’ కథలొద్దు, ఎట్ల చేయించాలో రాయండి.

సండేస్కూల్_జనగామ:
నేను రాయించాలనే పక్షం. ‘సొంత ప్రార్థన రాయి’ అని వదిలేస్తే మాత్రం ఏమొస్తుందో అందరికీ తెలుసు: ‘ప్రభువా మీకు వందనాలు ప్రభువా, మమ్మల్ని దీవించండి ప్రభువా, ఏసునామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ ఆమెన్.’ నలభై కాగితాలూ ఇవే. పిల్లల తప్పు కాదు, వాళ్లు రోజూ వింటున్నదే అది.

ఒక అచ్చు ఇవ్వాలి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధనలో ఆ వారానికని చదివే చిన్న ప్రార్థన ఉంటుంది, కలెక్ట్ అంటారు. లాటిన్‌లో పాతది. ఇంగ్లిష్‌లోకి ఇంగ్లండ్ ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ 1549 నాటి ప్రార్థన పుస్తకంతో వచ్చింది. దానికి ఐదు భాగాలు: పిలుపు, ఆయన ఇదివరకు చేసిన ఒక పని, మన మనవి, ఆ మనవి ఎందుకో, ముగింపు. మొత్తం ఒకటే వాక్యం, మహా అయితే రెండు.

40 నిమిషాల పీరియడ్‌లో ఇట్ల నడపండి. మొదటి పది నిమిషాలు మనవి ఒక్కటే రాయాలి. దేవుడి పేరు రాయొద్దు, ఏం కావాలో రాయాలి. ‘దీవించు’, ‘కాపాడు’, ‘ఆశీర్వదించు’ ఈ మూడూ నిషేధం. తర్వాత ఐదు నిమిషాలు ‘ఎందుకు’. ఆ తర్వాతే బైబిల్లోంచి సరిపోయే పని వెతకడం, దీనికి పది నిమిషాలు పడుతుంది. మిగిలిన టైంలో ఐదింటినీ కలిపి ఒక వాక్యం చేసి, బయటికి చదివి చూసుకోవాలి. పిలుపు ఒక్కసారే.

తప్పు ఎక్కువగా జరిగేది రెండో భాగంలో. ‘రోగులను బాగుచేసిన దేవా, నన్ను లెక్కల్లో పాస్ చెయ్యి’ అని రాస్తారు. చేసిన పనికీ అడిగేదానికీ లంకె లేదు. లంకె కుదిరితే ఇట్లుంటది:

‘ఎడారిలో బండలోంచి నీళ్లు తెప్పించిన దేవా, మా బాయిల నీళ్లు పత్తి కాయ పగిలేదాక ఆగేట్టు చూడు, అమ్మ కమ్మలు మళ్లా తాకట్టుకు పోకుండ. క్రీస్తు పేరిట, ఆమెన్.’

బండ, నీళ్లు, బావి, పత్తి, కమ్మలు: ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి. ఇది వాక్యనిర్మాణ పాఠం కాదంటారా? దీనికి మార్కులెందుకు వేయకూడదు?

కాజీపేట_పేరెంట్:
అచ్చు బాగుంది సార్, ఎవరూ కాదనరు. కానీ రాజ్యాంగం 28(3) అధికరణ చదవండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడైనా, ఎయిడ్ తీసుకునే బడైనా, పిల్లల్ని మతబోధనకి గానీ ఆరాధనకి గానీ కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మైనారిటీ సంస్థలకు 30వ అధికరణ కింద బడి నడుపుకునే హక్కుంది, సరే. ఆ హక్కు ఈ సమ్మతిని తుడిచెయ్యదు.

చాలా కాథలిక్ బడుల్లో వాళ్ల పిల్లలకి సత్యోపదేశం (కాథలిక్ మతబోధన), మిగతావాళ్లకి మోరల్ సైన్స్ అని పీరియడే వేరు చేస్తారు. ఆ గోడ ఊరికే కట్టలేదు. ఇప్పుడు తెలుగు పీరియడ్ పేరుతో దాన్ని దొడ్డిదారిన దాటుతున్నారు. అందులో మార్కులు! మోరల్ సైన్స్ మార్కు ఎవరూ పట్టించుకోరు, ఎఫ్ఏ మార్కు రికార్డుకెక్కుతుంది.

పాలకుర్తి_పద్యం:
కాజీపేట మేడంగారితో సగమే ఏకీభవిస్తా. తెలుగు సాహిత్యంలోంచి దేవుణ్ణి తీసేస్తే మన జనగామ జిల్లాకి మిగిలేదేముంది? పాల్కురికి సోమనాథుడిది మా పాలకుర్తి, పోతనది పక్కనే బమ్మెర. వృషాధిప శతకంలో ప్రతి పద్యమూ ‘బసవా బసవా బసవా వృషాధిపా’ అని పిలుస్తూనే ముగుస్తుంది. ముస్లిం పిల్లలూ క్రైస్తవ పిల్లలూ మకుటం అంటే ఏమిటో దాంతోనే నేర్చుకోవచ్చు. ఎవరి మతమూ పోదు.

అయితే చదవడం వేరు, ‘నేను’ అని రాయడం వేరు. చిక్కంతా ఆ ‘నేను’లోనే ఉంది. అందుకని పాత్ర చేత ప్రార్థన చేయించండి. బైబిల్లో యోనా గ్రంథం 1వ అధ్యాయం తీసుకోండి. తుఫానులో ఓడవాళ్లు ‘ఎవరి దేవుడికి వాళ్లు’ మొరపెట్టుకున్నారని 5వ వచనంలోనే ఉంది. ఏమని మొరపెట్టారో మాత్రం లేదు. అది మన పిల్లలు రాయాలి. సరుకు సముద్రంలో పారేస్తున్న కూలీ ఒకడు, తెడ్డు పట్టుకున్నవాడు ఒకడు, కింద నిద్రపోతున్న యోనాని లేపడానికి వెళ్లిన నాయకుడు ఒకడు. మిశ్రమ తరగతికి ఇంతకంటే ఏం కావాలి? ఎవరికి వాళ్లు తమ ఓడవాడికి నచ్చిన దేవుణ్ణి ఇచ్చుకుంటారు.

ముందు తరగతిలో రెండు నమూనాలు పక్కపక్కన పెట్టండి. ఒకటి బైబిల్లో దావీదు పేరున ఉన్న 13వ కీర్తన, ఆరు వచనాలే. మొదటి రెండింట్లో ఎన్నాళ్లు, ఎంతకాలం అని నాలుగుసార్లు నిలదీస్తాడు, తర్వాతి రెండింట్లో అడుగుతాడు, చివరి రెండింట్లో నమ్మకం. రెండోది పోతన గజేంద్రుడు. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె’ అంటూ బలం, ధైర్యం, ప్రాణం, ఒళ్లు ఒక్కొక్కటీ జారిపోవడం చెప్తాడు. ఆ తర్వాత నువ్వు తప్ప ఎవరూ తెలియదంటాడు. చివరి పాదంలో గానీ ‘రావే’ అనడు. ఏనుగు ఏడుపుకీ దావీదు ఏడుపుకీ ఎముకల గూడు ఒకటే. పిల్లలకి ఆ గూడు చూపించి, మాంసం వాళ్లని పెట్టమనండి.

ఒక జాగ్రత్త. చివర నమ్మకం వాక్యం ఉండి తీరాలని పట్టుబట్టొద్దు. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. బలవంతపు ఆశ రాయిస్తే కాగితం మొత్తం అబద్ధమవుతుంది.

డోర్నకల్_కీర్తన:
అన్నా, ఏనుగు సంగతి బాగుంది గానీ, సంఘం వైపు నుంచి నా అభ్యంతరం వేరే. మత్తయి 6వ అధ్యాయం ప్రార్థనకి గదిలోకి పోయి తలుపేసుకొమ్మంటుంది, ఆ వెంటనే 7వ వచనంలో వ్యర్థమైన మాటలు వద్దంటుంది. పాత్ర ప్రార్థన అంటే వేషం. అదే అలవాటైతే రేపు ఆదివారం గుడిలో కూడా పిల్లవాడు మంచి వాక్యం వెతుక్కుంటాడు గానీ దేవుణ్ణి కాదు.

సొంత ప్రార్థన కంటే సమూహగీతం మేలు. 136వ కీర్తనలో 26 వచనాలు, ప్రతిదాని చివరా ‘ఆయన కృప నిరంతరముండును’. పల్లవి అందరిదీ, చరణాలు ఒక్కొక్కరివి. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలు చూసినవాళ్లకి పల్లవి–చరణం కట్టడం కొత్తేం కాదు.

పరకాల_ఉయ్యాల:
గీ 136కు మన పిలగాండ్లు బడికి రాకముందే తయారై ఉన్నరు. బతుకమ్మల ఒకరు అందుకుంటరు, మిగిలినోళ్లు ‘ఉయ్యాలో’ అని ఎత్తుకుంటరు. గదే కట్టు. ఐదుగురిని గుంపు చేయున్రి. తలా రెండు పాదాలు, అంటే పది పాదాలు. పల్లవి ముందుగాల్నే బోర్డు మీద రాసి ముట్టొద్దనాలె.

ఏడ చెడుతదంటే, పాదం పొడుగైతది. ‘మా నాయిన ఎనుమాముల మార్కెట్ల మిరపకాయ అమ్మి పైసలు తెచ్చి ఫీజు కట్టినందుకు’ అని రాస్తడు. ఊపిరి అందది, పల్లవి మీద పడేసరికి తాళం పోతది. చేతులు చరుసుకుంట చదివియ్యున్రి, యాడ తప్పుతుందో ఆడికే తెలుస్తది. ‘మిరప అమ్మి వచ్చిండు మా నాయిన’ కాడ ఆపుతడు. పల్లవి నచ్చనోళ్ల గుంపుకు ‘మరువము మరువము’ అసుంటిది ఇయ్యున్రి. మొక్కేటోడు మొక్కుతడు, లేనోడు నాయినను యాది చేసుకుంటడు.

సండేస్కూల్_జనగామ:
బతుకమ్మ కట్టు అంటే మా సంఘంలో కొందరు లేచి నిలబడతారండీ.

పరకాల_ఉయ్యాల:
నిలవడనియ్యి. పువ్వులు పేర్చుమంటలేను గదా, పాదం కట్టుమంటున్న. డోర్నకల్‌ల అజరయ్య బిషప్ ఉన్నప్పుడే కట్టిన గుడి సూడున్రి, 1939ల ప్రతిష్ఠ చేసిన్రు. గుమ్మటాలున్నయి, మన గుడులసుంటి స్తంభాలున్నయి. గండ్ల ఆరాధన సాగుతనే ఉన్నది.

బాలల_రక్షణ_హన్మకొండ:
మార్కుల కంటే ముందు ఇంకొకటి ఉంది, ఎవరూ ఎత్తలేదు. ‘మనసులోది రాయి’ అంటే పిల్లలు నిజంగానే రాస్తారు. తాగి కొట్టే తండ్రి గురించి రాస్తారు, ముట్టుకునే బంధువు గురించి రాస్తారు. ‘ఇది నీకూ దేవుడికీ మధ్యే’ అని టీచర్ ముందే మాటిచ్చేస్తే ఇరుక్కుంటారు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. కాబట్టి రహస్యం అనే మాట ఇవ్వొద్దు. రాయించే ముందు చెప్పాల్సింది ఇంతే: ‘ఇది నేను చదువుతాను. ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేసేవాళ్లకి చెప్తాను. చూపించడం ఇష్టం లేనిది ఇక్కడ రాయొద్దు.’

అట్లాంటి కాగితం వస్తే తరగతిలో అడగొద్దు, ఇంటికి ఫోన్ చేయొద్దు. ఇంట్లోవాళ్లే కారణం కావొచ్చు. కాగితాన్ని దిద్దకుండా, ఉన్నదున్నట్టు దాచి, హెడ్మాస్టర్‌కి చెప్పి బాలల హెల్ప్‌లైన్ 1098కి కాల్ చేయండి, పోలీసులకు తెలియజేయండి. గట్టిగా చదివించడం, గోడకి అంటించడం సొంత ప్రార్థనలకు అస్సలు వద్దు. పాత్ర ప్రార్థనలు, గుంపు పాటలు అంటించుకోవచ్చు.

ఓరుగల్లు_తెలుగుపంతులు:
దీంతో నా లెక్క తేలింది. ఎఫ్ఏకి వెళ్లేది పాత్ర ప్రార్థన ఒక్కటే. డోర్నకల్ అన్న వేషం అన్నారు. నిజమే, తెలుగు పీరియడ్‌లో చేయించాల్సింది వేషమే. అసలు ప్రార్థన ఆదివారం బడికి వదిలేద్దాం, కలెక్ట్ అచ్చు కూడా అక్కడే నడవనీ.

ఐదు మార్కులు ఇట్ల: మాట్లాడేది ఎవరో, ఎక్కడున్నాడో చెప్పకుండానే తెలిస్తే 1. కంటికి కనబడే వస్తువులు మూడుంటే 1. మనవికీ కారణానికీ లంకె ఉంటే 2. వాక్యం, అక్షరదోషాలకి 1. భక్తికి సున్నా, అంటే వేయడమూ లేదు, కోయడమూ లేదు. మొదటి చిత్తుప్రతిని ఇంటి భాషలో రాస్తే దోషం కింద పట్టొద్దు. ‘దయచేయుము’ దగ్గర మొదలుపెట్టినవాడు మూడో వాక్యానికి ఆగిపోతాడు.

కాజీపేట_పేరెంట్:
పాత్రయినా బైబిల్ పాత్రే కదా. ఇంటికి చీటీ పంపకుండా వద్దు. నమూనా పెట్టండి.

ఓరుగల్లు_తెలుగుపంతులు:
ఇదిగో:

‘వచ్చే వారం 8వ తరగతి తెలుగు రాతపనిలో, ఆపదలో ఉన్న ఒక పాత్ర తన దేవుడితో మాట్లాడినట్టు 10 వాక్యాలు రాయిస్తాం. నమూనాలుగా పోతన పద్యం ఒకటి, బైబిల్ కీర్తన ఒకటి చదువుతాం. భక్తికి మార్కులుండవు. మీ అబ్బాయి/అమ్మాయికి: ☐ ఓడలో పాత్ర ☐ ఎండిన చెరువు వానతో మాట్లాడినట్టు. మార్కులు రెండింటికీ ఒకే పద్ధతిలో వేస్తాం. తల్లి/తండ్రి సంతకం.’

కాజీపేట_పేరెంట్:
రెండో గడి గురించి తరగతిలో కూడా ముందే చెప్పండి. అది ఎంచుకున్న పిల్లల్ని వేరే బెంచీలో కూర్చోబెట్టొద్దు. సంతకం రాని చీటీని ఒప్పుకున్నట్టు లెక్కేయొద్దు, వాళ్లకి చెరువే ఇవ్వండి.