ఎండాకాలానికి తేలికైన పూల సెంటు కావాలి, మల్లె వాసన ఉండాలి, తలనొప్పి మాత్రం రాకూడదు

బెజవాడ_మల్లి

అందరికీ నమస్తే. ఉగాది దగ్గర పడుతోంది, మార్కెట్లోకి మల్లెలు వచ్చేశాయి, ఈ ఏడాదైనా నాకంటూ ఒక మంచి పూల సెంటు కొనుక్కోవాలని ఉంది. మాది విజయవాడ. ఆఫీసు లోపల ఏసీ, బయట నిప్పులు, మధ్యలో నలభై నిమిషాలు బస్సు. నా దగ్గర ఉన్నదల్లా మా ఆడపడుచు దుబాయ్ నుంచి తెచ్చిన ఊద్ (అగరు చెక్క) సెంటు ఒక్కటే. చలికాలం పెళ్లిళ్లకు ఎంత బాగుంటుందో చెప్పలేను, మార్చి వచ్చిందంటే మాత్రం అదే తలపోటు.

పోయినేడు ఏప్రిల్లో ఒక షాపులో అట్టముక్క మీద కొట్టి చూపించారు, గులాబీలో నిమ్మ పిండినట్టు హాయిగా అనిపించి అక్కడికక్కడే కొనేశాను. ఆటో ఎక్కి బందరు రోడ్డు దాటకముందే అది పాకం వాసనలోకి దిగిపోయింది, ఇంటికెళ్లి స్నానం చేసినా మెడ దగ్గర అలాగే ఉంది. మళ్లీ ఆ పొరపాటు చేయదలచుకోలేదు. మధ్యాహ్నం భోజనం దాకా నిలిస్తే నాకు చాలు. పక్క సీటు వాళ్లకు ఇబ్బంది కాకూడదు. ఈడీటీ (ఓ ద టాయిలెట్), ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్) అంటారు కదా, ఏది తీసుకోవాలి? అత్తరు ఎండల్లో పెట్టుకోవచ్చా? వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కౌంటర్_పిల్ల

అక్కా, నేను హైదరాబాద్‌లో ఒక మాల్‌లో సెంట్ల కౌంటర్లో మూడేళ్లు చేశాను, మీకు జరిగింది దాదాపు రోజూ చూసేదాన్ని. కొట్టగానే వచ్చేది నిమ్మ, నారింజ జాతి వాసన, అది పావుగంటో ఇరవై నిమిషాలో ఉండి ఎగిరిపోతుంది. ఆ తర్వాత పూలు బయటికొస్తాయి. చివరికి ఒంటిమీద మిగిలేది అడుగు వాసన, అంటే వెనిల్లా, కస్తూరి, చెక్క లాంటివి. మీకు షాపులో నచ్చింది ఆ మొదటి పావుగంట. అందుకే ఈసారి అట్టముక్క మీద చూసి వదిలేయకండి, మోచేతి మడతలో ఒక్కసారి కొట్టించుకుని షాపు బయటికి వచ్చేయండి. ఎండలో తిరగండి, టీ తాగండి, మూడు గంటల తర్వాత వాసన చూసుకోండి. అప్పటికీ నచ్చితేనే మళ్లీ వెళ్లి కొనండి. ఒకే రోజు రెండు మూడింటికి మించి చూడొద్దు, ముక్కు అలిసిపోయి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. కాఫీ గింజలు వాసన చూడమంటారు గానీ నాకైతే మన ఒంటి మీదే, సెంటు తగలని చోట ఒకసారి వాసన చూసుకోవడం బాగా పనిచేసింది.

ఈడీటీలో సువాసన నూనెలు సుమారు 5 నుంచి 15 శాతం, ఈడీపీలో 15 నుంచి 20 దాకా ఉంటాయి, కొలోన్‌లో ఇంకా తక్కువ. కంపెనీని బట్టి లెక్క మారుతుంది. మీ ఆఫీసుకు ఈడీటీ చాలు. ఎండకు ఒంటి వేడి పెరిగి సెంటు తొందరగా ఆవిరవుతుంది కాబట్టి మొదట్లో గట్టిగా కొడుతుంది, త్వరగా అయిపోతుంది కూడా. స్నానం చేశాక వాసన లేని లోషన్ రాసుకుని దాని మీద కొట్టుకుంటే ఇంకొంచెం సేపు నిలుస్తుంది.

ఇంకో మాట. మన పూల బజార్లో లిల్లీ అని దండలు కడతారే, అది సెంట్ల వాళ్ల భాషలో ట్యూబరోజ్. సీసా మీద లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అని ఉంటే అది పూర్తిగా వేరే పువ్వు, చలి దేశాల్లో వసంతంలో పూసే చిన్న తెల్ల గంటల్లాంటిది. దాన్నుంచి నూనె రాదు, ఆ వాసన మొత్తం తయారుచేసిందే. 1956లో వచ్చిన డియోరిస్సిమో అనే సెంటు ఆ పువ్వు మీదే కట్టింది. ట్యూబరోజ్ మాత్రం ఎండలో బరువు. 2017లో వచ్చిన గుచ్చి బ్లూమ్ అనే సెంటులో ట్యూబరోజ్, మల్లె జాతి, వాటితో పాటు రంగూన్ క్రీపర్ ఉంటాయి. రంగూన్ క్రీపర్ అంటే మన గోడల మీద పాకే రాధామనోహరమే! ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో. కానీ అది ఈడీపీ, మే నెలలో బస్సులో ఒక్క స్ప్రే కంటే ఎక్కువైతే మీకు మళ్లీ తలనొప్పే. సాయంత్రం ఫంక్షన్లకు పెట్టుకోండి. పగటికి నీళ్ల వాసన కలిసిన పూలవి చూడండి. ఇస్సే మియాకే కంపెనీ వాళ్ల లో దిస్సే అనే సెంటు 1992 నుంచి ఉంది, తామర పువ్వు తలపుకొస్తుంది. కొందరికి అది మరీ చల్లగా, సబ్బులా అనిపిస్తుంది, చూసుకున్నాకే.

పత్తర్‌గట్టి_అత్తరు

అమ్మా, అత్తరు గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను. మా నాన్నగారి కాలం నుంచి చార్మినార్ దగ్గర అత్తర్లు కొంటున్నాం, మాకు కాలాన్ని బట్టి పెట్టుకోవడమే అలవాటు. హినా, షమామా, ఊద్ అనే అత్తర్లు చలికాలానివి, ఒంటికి వేడి. ఎండలు మొదలవగానే అవి లోపల పెట్టేసి ఖస్, అంటే వట్టివేరు, గులాబ్, మోతియా బయటికి తీస్తాం. మోతియా అంటే మల్లే. మట్టి అత్తరు కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి డేగ్‌లో, అంటే పెద్ద బానలో, వేసి నీళ్లతో మరిగిస్తారు, ఆ ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కాలో, అంటే ఆవిరిని పట్టే పాత్రలో, ఉన్న చందన నూనెలోకి దిగుతుంది. తొలకరి వాన వాసన. నువ్వు పువ్వు అన్నావు కాబట్టి అది నీకు నచ్చకపోవచ్చు, కానీ ఒకసారి చూడు.

అత్తర్లో ఆల్కహాల్ ఉండదు, స్ప్రేలా గది నిండా పాకదు, ఒంటికి దగ్గరగా ఉంటుంది. మీ ఆఫీసు లాంటి చోటికి అదే మర్యాద. చెవి వెనక ఒక చుక్క, అంతే. అయితే చందనం ధర పెరిగాక చాలాచోట్ల లిక్విడ్ పారఫిన్ లాంటి వాటిలో కలిపి అమ్ముతున్నారు, వాసన బాగానే ఉంటుంది గానీ గంట తర్వాత చదునైపోతుంది. 3 మిల్లీలీటర్ల సీసా తీసుకుని వాడి చూడు, ఒకేసారి తులం కొనకు.

డాలస్_నుంచి

అక్కడ మల్లెలు వచ్చాయని చదివితేనే కడుపు నిండింది. ఒక జాగ్రత్త అండి, నిమ్మ జాతి సెంటు మెడ మీద కొట్టుకుని ఎండలోకి వెళ్తే నాకు గోధుమ రంగు మచ్చలు పడ్డాయి, రెండు నెలలు పట్టింది పోవడానికి. అలాంటి కొన్ని నూనెలు ఎండ తగిలితే చర్మం మీద అలా చేస్తాయని డాక్టర్ చెప్పారు. అప్పటి నుంచి ఎండలోకి వెళ్లేటప్పుడు చున్నీ అంచుకే కొట్టుకుంటున్నాను, అదీ కాటన్ అయితేనే. పట్టు మీద మరక పడితే పోదు.

బెజవాడ_మల్లి

అందరికీ చాలా థ్యాంక్స్. పది రోజులు ఆగి రాస్తున్నాను. తామర వాసనది మోచేతి మీద కొట్టించుకుని రైతుబజార్లో కూరగాయలు కొని, ఇంటికొచ్చి వంట చేశాక చూసుకున్నాను. చల్లగానే ఉంది గానీ నాదనిపించలేదు. హైదరాబాద్ వెళ్తున్న మా తమ్ముడితో మోతియా, ఖస్ రెండూ 3 మిల్లీలీటర్లవి తెప్పించుకున్నాను. మోతియా మొదటి పది నిమిషాలు కొంచెం మగ్గిన వాసన వేసి భయపడ్డాను, ఆ తర్వాత అమ్మ తడిగుడ్డలో చుట్టి పెట్టిన మల్లెమొగ్గలు సాయంత్రం విచ్చుకున్నప్పటి వాసన, అచ్చం అదే. ఆఫీసుకు ఖస్ పెట్టుకుని వెళ్తున్నాను, పక్క సీటు అమ్మాయి రెండు రోజుల తర్వాత ఇవాళ అడిగింది ఏం పెట్టుకున్నావని. నాలుగు రోజులుగా తలనొప్పి లేదు. సీసాలు ఎక్కడ పెట్టాలి? మా డ్రెస్సింగ్ టేబుల్ మీదికి మధ్యాహ్నం ఎండ పడుతుంది.

కౌంటర్_పిల్ల

అక్కడ వద్దక్కా, ఎండకీ వేడికీ రంగూ వాసనా మారిపోతాయి. బాత్రూంలోనూ వద్దు. బీరువాలో చీరల మధ్య, అట్టపెట్టెలోనే, మూత గట్టిగా బిగించి నిలబెట్టి ఉంచండి.