బిల్లెట్ అంచుల్లో పగుళ్లు: రాగి వల్లేనా?

ప్రశ్న: వారం రోజులుగా రోలింగ్‌లో (వేడి ఉక్కును రోలర్ల మధ్య నొక్కి సాగదీసేటప్పుడు) బిల్లెట్ (పొడవాటి ఉక్కు దిమ్మె) మూలలు చేప పొలుసుల్లా చిట్లుతున్నాయి. గంధకం మామూలుగానే ఉంది. రాగి మాత్రం 0.48 శాతం చూపిస్తోంది. ఈమధ్య ముక్కలు చేసిన పాత కార్ల స్క్రాప్ ఎక్కువగా వేస్తున్నాం. కరిగిన ఉక్కులోకి ఆక్సిజన్ ఇంకాస్త ఊదితే రాగి పోదా?

జవాబు 1: పోదండీ. రాగి కంటే ముందు ఇనుమే కాలిపోతుంది, మీకు దిగుబడి తగ్గడం తప్ప లాభం లేదు. రోలింగ్‌కు ముందు బిల్లెట్‌ను వేడిచేసే ఫర్నేస్‌లోనూ జరిగేది అదే. పైపొరలో ఇనుము తుప్పుపొరగా మారిపోతే, కాలని రాగి దాని కిందే పోగవుతుంది. రాగి 1085 డిగ్రీలకే కరుగుతుంది కదా, ఆ ద్రవం ఉక్కు రేణువుల సందుల్లోకి దిగుతుంది. రోలు నొక్కగానే అక్కడే చీలుతుంది. పగులును కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టండి, ఎర్రటి గీత కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను మరకేమో అనుకుని రెండుసార్లు తుడిచాను!

జవాబు 2: తగరం ఎంతుందో కూడా చూడండి, అది తోడైతే మరీ చేటు. నికెల్ ఉంటే కొంత కాస్తుంది, కానీ ఖర్చు.

జవాబు 3: ప్రస్తుతానికి స్పాంజ్ ఐరన్ (స్క్రాప్ నుంచి కాక నేరుగా ఖనిజం నుంచి తీసిన ఇనుము) కలిపి రాగిని పలచన చేయండి. అసలు పని స్క్రాప్ యార్డులోనే ఉంది. అయస్కాంతం మోటార్లను వదలదు, చుట్టూ ఇనుమే కాబట్టి లోపలి రాగి తీగచుట్టతో సహా పట్టుకొస్తుంది. బెల్టు దగ్గర ఒక మనిషిని పెట్టి ఏరించండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే యార్డుకెళ్లి చూశా. ఒక్క కుప్పలోనే పదకొండు మోటార్లు.