విమానాశ్రయం దగ్గర చికెన్ కొట్టు ఉంటే నిజంగా విమానాలకు ప్రమాదమా? నోటీసు వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం_92 అడిగారు:

అందరికీ నమస్కారం. మా నాన్నది చికెన్ కొట్టు. విమానాశ్రయం ప్రహరీ నుంచి కొలిస్తే నాలుగు కిలోమీటర్లు ఉంటుంది, ఊరు పేరు మాత్రం రాయను. పంతొమ్మిదేళ్లుగా అదే కొట్టు, అదే మొద్దు. పోయిన వారం నోటీసు తెచ్చి ఇచ్చారు, పక్షుల వల్ల విమానాలకు ప్రమాదం కాబట్టి పదిహేను రోజుల్లో కొట్టు ఎత్తేయాలట. తెచ్చినాయన్ని వివరం అడిగితే "పైనుంచి వచ్చింది, నాకేం తెలియదు" అని సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాన్న సరిగ్గా అన్నం తినట్లేదు.

కోపం వచ్చిన మాట నిజమే, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్తాను. సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి వెనక కరెంటు తీగల మీద గద్దలు వరసగా వచ్చి కూర్చుంటాయి, ఆదివారం అయితే ముప్పై దాకా లెక్కపెట్టాను. పేగులు, ఈకలు డ్రమ్ములో వేస్తాం, రాత్రికి ఆటో వచ్చి ఎత్తుకుపోతుంది. అది చేపల చెరువులకి పోతుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆటో రాని రోజు డ్రమ్ము నిండిపోతే కాలువ గట్టున పోసిన సందర్భాలు ఉన్నాయి. మేమే కాదు, ఆ వీధిలో ఉన్న ఐదు కొట్లదీ అదే పద్ధతి.

ఒక గద్ద తగిలితే అంత పెద్ద విమానానికి ఏమవుతుంది? మా డ్రమ్ము వల్లే అవి వస్తున్నాయా? కొట్టు మూయకుండా ఏదైనా దారి ఉందా? అర్థమయ్యేలా చెప్పండి, నాన్నకి చదివి వినిపించాలి.

తీతువు_జీపు:

తమ్ముడూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పు. నేను ఆరేళ్లు ఒక ఎయిర్‌పోర్టులో బర్డ్ చేజర్‌గా చేశాను, రన్‌వే మీద పక్షులు తోలే పని. కాబట్టి ప్రహరీ లోపలి నుంచి ఎలా కనపడుతుందో చెప్తాను.

మా డ్యూటీ తెల్లారకముందే మొదలయ్యేది. జీపులో రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకి, చచ్చిన పక్షి ఏదైనా పడి ఉందా, కుక్క దూరిందా అని చూసుకుంటూ పోవాలి. వాన పడిన మర్నాడు గడ్డిలోంచి వానపాములు తారు మీదికి పాకి వస్తాయి, వాటి వెనకే కొంగలు, గోరింకలు. తొలకరిలో అయితే లైట్ల కింద ఉసిళ్లు గుట్టలుగా రాలి ఉంటాయి, పొద్దున్నే వాటి కోసం ఇంకో గుంపు దిగుతుంది. దుక్కి దున్నే ట్రాక్టరు వెనక తెల్లకొంగలు ఎలా నడుస్తాయో చూసే ఉంటావు, అక్కడ గడ్డి కోసే ట్రాక్టరు వెనకా అంతే, అందుకే విమానాలు లేని వేళ చూసి కోయించేవాళ్లు.

అన్నిటికంటే నన్ను ఏడిపించింది తీతువు పిట్ట. అది చెట్టు మీద గూడు కట్టదు, రన్‌వే పక్కన గులకరాళ్లలో చిన్న గుంట చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. రాయి రంగే గుడ్డు రంగు, నీ కాలి పక్కనే ఉన్నా కనపడవు. నువ్వు అటు అడుగేస్తే చాలు, తల మీద తిరుగుతూ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. తోలితే రెండు నిమిషాలు పోయి మళ్లీ గుడ్ల దగ్గరికే వస్తుంది, తల్లి కదా.

తోలడానికి టపాసులు, గ్యాసుతో పేలే తుపాకీ, భయపడ్డ పక్షి అరుపులు వినిపించే స్పీకర్లు, లేజర్ లైటు, అన్నీ వాడాం. కొత్తలో బాగానే పనిచేస్తాయి. అదే చోట అదే చప్పుడు రోజూ వింటే వారం తిరిగేసరికి కొంగ ఆ తుపాకీ పక్కనే నిలబడి పురుగులు ఏరుకుంటుంది, కళ్లారా చూశాను. తిండి దొరుకుతున్నంత కాలం పక్షి తిరిగొస్తూనే ఉంటుంది. అందుకే లోపల గడ్డి, నీటి గుంటలు, పురుగులు, వీటి మీదే ఎక్కువ పని నడిచేది.

గద్దల సంగతి వేరు, వాటికి తిండి ప్రహరీ బయట ఉంటుంది, అక్కడ మేం చేయగలిగింది ఏమీ లేదు. పొద్దున తొమ్మిది దాటాక నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ గాలి పట్టుకుని రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ ఎక్కుతాయి. విమానం దిగేటప్పుడు మూడు డిగ్రీల వాలులో వస్తుంది, అంటే కిలోమీటరుకు 50 మీటర్ల చిల్లర. లెక్క వేసుకో, రన్‌వేకి 4 కిలోమీటర్ల దూరంలో విమానం 200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, 10 కిలోమీటర్ల దగ్గర 500 మీటర్ల పైన. గద్దలు తిరిగేదీ ఆ ఎత్తుల్లోనే. మీ కొట్టు రన్‌వేకి సూటిగా దిగే దారి కింద ఉందా, పక్కకి ఉందా అన్నది ముందు చూసుకో. పక్కకి ఉన్నా గద్ద ఒక్క చోట ఉండదు, అది గుర్తుంచుకో.

బోల్టు_నట్టు:

నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను, మొదటి ప్రశ్నకి నేను చెప్తాను.

కిలో బరువున్న పక్షి గంటకు 250 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి తగిలితే, ఆ దెబ్బలో ఉండే శక్తి 50 కిలోల సిమెంటు బస్తా ఐదు మీటర్ల ఎత్తు నుంచి పడినంత. అదంతా అరచేతంత చోట, రెప్పపాటులో. వేగం రెట్టింపు అయితే శక్తి నాలుగింతలు అవుతుంది. చాలాసార్లు రెక్క మీద చిన్న సొట్టతో, అద్దం మీద నెత్తురు మరకతో పోతుంది. ఇంజిన్‌లోకి వెళ్తేనే టెన్షన్. ముందు ఫ్యాను బ్లేడు అంచు వంగుతుంది, లోపల గాలి ప్రవాహం చెదిరి దడదడమని పేలుళ్లలా వినిపిస్తుంది, క్యాబిన్‌లోకి ఈకలు కాలిన వాసన వస్తుంది. విమానం క్షేమంగా దిగినా సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి బ్లేడు బ్లేడూ చూడాలి, ఒక బ్లేడు మారిస్తే బరువు సరిపోవడానికి చాలాసార్లు ఎదురుగా ఉన్నదీ మార్చాలి. ఆ రోజుకి ఆ విమానం ఎగరనట్టే, ప్రయాణికుల పాట్లు సరేసరి.

ఇంజిన్లకు పరీక్ష ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్‌లోకి చచ్చిన పక్షులను గాలి ఫిరంగితో కొట్టి చూస్తారు. పెద్ద పక్షి ఒకటి పడినప్పుడు ఇంజిన్ ఆగిపోయినా పరవాలేదు, ముక్కలు బయటికి దూసుకురాకూడదు, ఆర్పలేని మంట రాకూడదు. 1960లో బోస్టన్‌లో స్టార్లింగ్ పిట్టల గుంపు, అంటే మన గోరింకల జాతివే, ఇంజిన్లలో పడి విమానం కూలి 62 మంది పోయాక ఈ పరీక్షల మీద పట్టు పెరిగింది. చిన్న పిట్ట అని తీసిపారేయడానికి లేదు. ఒక ఇంజిన్ పోయినా రెండోదాంతో దిగొచ్చు, 2022 జూన్‌లో పట్నాలో 185 మందితో లేచిన స్పైస్‌జెట్ విమానం అలాగే ఒక ఇంజిన్‌లో మంట కనపడ్డాక వెనక్కి వచ్చి క్షేమంగా దిగింది. గుంపు వచ్చి రెండు ఇంజిన్లలోనూ పడితే మాత్రం చేతిలో ఏమీ ఉండదు. 2009లో న్యూయార్క్‌లో పెద్దబాతుల వల్ల అదే జరిగింది, పైలట్ హడ్సన్ నది మీద దించాడు కాబట్టి 155 మందీ బతికారు. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో ఒక విమానం రెండు ఇంజిన్లలోనూ బైకాల్ బాతుల ఈకలు, నెత్తురు దొరికాయి. ఆ విమానం చక్రాలు లేకుండా దిగి, రన్‌వే దాటి కాంక్రీటు దిబ్బను గుద్దుకుంది. 179 మంది పోయారు, ఇద్దరే మిగిలారు.

భయపెట్టాలని రాయలేదు. నాన్నగారికి చదివి వినిపిస్తానన్నావు కదా, ఆయనకి పూర్తి సంగతి తెలియాలి.

ఊరు_ముందు:

ఇదంతా సరే. చాలా చోట్ల ఊరు ముందుంది, రన్‌వే తర్వాత పెరిగింది. చెత్త బండి రోజూ రావాల్సిన వీధికి వారానికి రెండుసార్లు వస్తే ఆ తప్పు కొట్టు ఆయనదా? పక్షులే కాదు, 2014లో సూరత్‌లో టేకాఫ్ పరుగులో ఉన్న విమానాన్ని గేదె గుద్దింది, 2024లో శంషాబాద్‌లో చిరుత ప్రహరీ దూకి లోపలికి వచ్చి, మేకను ఎర పెట్టి బోన్లు పెడితే గానీ దొరకలేదు. అప్పుడు కంచె ఎవరు చూసుకోవాలని అడిగామా? మాంసం కొట్టుకి నోటీసు అంటించడం తేలిక, అందుకే ముందు అది చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

ప్లీడరు_గుమాస్తా:

పైన ఆయన బాధ న్యాయమైనదే, కానీ నోటీసుకి జవాబు చట్టంలోంచే చెప్పుకోవాలి. 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం చూడండి. విమానాశ్రయం రిఫరెన్స్ పాయింట్, అంటే విమానాశ్రయం ఉన్న చోటుకి గుర్తుగా పెట్టిన బిందువు, దాని నుంచి 10 కిలోమీటర్ల లోపు జంతువులను కోయడం, తోలు తీయడం, పక్షులు వచ్చేలా చెత్త, మాంసం వ్యర్థాలు వేయడం నిషేధం. హోటళ్లు, మాంసం కొట్లు, చేపల కొట్లు అని పేరుపేరునా ఉంది. తప్పితే మూడేళ్ల దాకా జైలు, లేదా కోటి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకని నోటీసును తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు మీకు పనికొచ్చే ముక్క. అదే నియమం కింద మినహాయింపు ఉంది. పక్షులు, జంతువులు రాకుండా కొట్టు యజమాని తగిన ఏర్పాట్లు చేశాడని పౌర విమానయాన డైరెక్టర్ జనరల్‌కి నమ్మకం కలిగితే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కొట్టు ఎంత దూరంలో ఉంది, వ్యర్థాలు ఎక్కడికి ఎలా పోతున్నాయి అన్నవి చూస్తారు. అంటే మీ డ్రమ్ము సంగతి తేలితే మీకు మాట్లాడ్డానికి చోటు ఉంటుంది. విమానాశ్రయాల దగ్గర పర్యావరణ నిర్వహణ కమిటీ అని ఉంటుంది, జిల్లా అధికారులు, స్థానిక సంస్థల వాళ్లు, విమానాశ్రయం వాళ్లు అందులో కూర్చుంటారు. మీ ఐదు కొట్లూ కలిసి ఒకే అర్జీ పెట్టండి, ఒక్కళ్లు వెళ్తే మొహం చూడరు. చేపల చెరువుల ఆటోని మాత్రం అర్జీలో ఏర్పాటుగా చూపించకండి, చికెన్ వ్యర్థాలు చెరువుల్లో వేయడమే నిషేధం. వ్యర్థాలను ఉడికించి పొడి చేసే రెండరింగ్ యూనిట్ వాళ్లతో ఒప్పందం కాగితం ఉంటే అది వేరు. గడువులోపల జవాబు ఇచ్చి రశీదు తీసుకోండి, మీ ఊళ్లో ఒక లాయరుకి ఆ నోటీసు చూపించండి.

ఇంకో మాట. ఆ నియమంలో రాబందులు అన్న పదం ఉంటుంది. ఒకప్పుడు మన విమానాలకు పెద్ద భయం వాటితోనే, గొడ్డు కళేబరాలు పడేసే చోట వందల్లో దిగేవి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు చచ్చిపోయాయి, 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించేసరికే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తిండి ఇప్పుడు కుక్కలు, గద్దలు తింటున్నాయి. పక్షిని చంపితే సమస్య తీరుతుందని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

కృష్ణాతీరం_92:

అందరికీ దండాలు. సిమెంటు బస్తా లెక్క దగ్గర నాన్న మళ్లీ చదవమన్నారు, తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. రాత్రి తనే లేచి డ్రమ్ముకి మూత వెతికారు.

ఇప్పటిదాకా అయింది ఇది. బిగించే మూత ఉన్న డ్రమ్ములు రెండు కొన్నాం, కొట్టు వెనక కాకుండా లోపలే పెడుతున్నాం, పాత ఫ్రీజర్ ఒకటి బాగు చేయించి ఆటో రాని రోజు వ్యర్థాలు అందులో ఉంచుతున్నాం. కాలువ గట్టున పాతది తీయించి మట్టి కప్పించాం. కొలిచి చూస్తే మా వీధి రన్‌వేకి సూటిగానే ఉంది తీతువు_జీపు అన్నా, మీరు చెప్పకపోతే అది మాకు తట్టేది కాదు. మొన్న ఆదివారం తీగల మీద గద్దలు పదకొండు. ఐదు కొట్లలో నలుగురు అర్జీ మీద సంతకం పెట్టారు, మటన్ కొట్టు బాబాయి మాత్రం ఇంకా ఆలోచిస్తా అంటున్నారు, ఈ సాయంత్రం నాన్నే వెళ్లి మాట్లాడతానన్నారు. రెండరింగ్ యూనిట్ వాళ్లు రోజుకి ఎన్ని కిలోలు ఉంటే బండి పంపుతారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా ఐదు కొట్లదీ కలిపితే మామూలు రోజు 120 కిలోలు, ఆదివారం 300 దాటుతుంది.