ల్యాప్‌టాప్ తెర మీది పూత దెబ్బతినకుండా మీటల అచ్చులు తుడవడం ఎలా?

ప్రశ్న (తెరచాటు)

నా ల్యాప్‌టాప్ తెర మెరుపు లేని మ్యాట్ రకం. మూత వేసి సంచిలో పెట్టుకుని తిరగడం వల్ల కాబోలు, కీబోర్డు మీటల ఆకారంలో చిన్న చిన్న చతురస్రాలు దాని మీద వరుసగా అచ్చుపడ్డాయి. తెర వెలుగుతున్నప్పుడు అంతగా తెలియవు గానీ, ఆపివేసి ఏటవాలుగా చూస్తే స్పష్టంగా కనిపిస్తున్నాయి. పొడి గుడ్డతో తుడిస్తే పోవడానికి బదులు పలచగా పరుచుకుంటున్నాయి. కిటికీ అద్దాలు తుడిచే ద్రావణం వాడమని కొందరు, అసలు తడే తగలనివ్వవద్దని మరికొందరు చెబుతున్నారు. ఇది జిడ్డా, లేక పూతే అరిగిపోయిందా అన్నది ముందు ఎలా తేల్చుకోవాలి? జిడ్డే అయితే దేనితో తుడవడం క్షేమం?

జవాబు (గాజుపలక)

తుడిచినప్పుడు మరక పరుచుకుందంటే అది జిడ్డే, ఎందుకంటే ఊడిపోయిన పూత గుడ్డతో పాటు జరగదు. వేళ్ల నుంచి మీటలకు అంటిన నూనె, మూత మీద ఒత్తిడి పడినప్పుడల్లా తెరకు అంటుకుంటుంది.

ఏ ద్రావణం వాడాలన్న ప్రశ్న కంటే ముందు తేల్చుకోవలసినది దుమ్ము సంగతి. తెరను గీసేది చాలాసార్లు గుడ్డ కాదు, గుడ్డ కింద నలిగే ఇసుక రేణువు. మామూలు దుమ్ములో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజపు కణాలు ఉంటాయి. ఏది దేన్ని గీయగలదో చెప్పే మోస్ కాఠిన్య కొలమానంలో (అంకె పెద్దదైతే గట్టిదనం ఎక్కువ) క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటే, గాజు 5.5 దగ్గర ఉంటుంది. మ్యాట్ తెర పైపొర సాధారణంగా గాజు కూడా కాదు, అంతకంటే మెత్తనైన ప్లాస్టిక్ పొర. అందుచేత దుమ్ము దులపకుండా తడిగుడ్డ పెట్టడమంటే గరుకు కాగితంతో రుద్దినట్లే.

ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసి, తెర చల్లారనివ్వండి; వేడి మీద తడి త్వరగా ఆరిపోయి చారలు మిగులుతాయి. కెమెరా కటకాలకు వాడే రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టండి. నోటితో ఊదవద్దు, తుంపర్లు పడతాయి. ఆ తరువాత శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డను దాని బరువు మాత్రమే తెర మీద పడేలా పైనుంచి కిందికి జార్చండి. అప్పుడు గుడ్డ మూలను డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి, పిండినా చుక్క రాలనంత తడితో తుడవండి. గుడ్డ వెళ్లిన చోట సన్నని చెమ్మ కనబడి, కొన్ని క్షణాల్లో దానంతట అదే మాయమైతే తడి సరిపోయినట్లు. నీటిపొర నిలిచిందంటే ఎక్కువైనట్లు. మరక మీదికి ప్రతిసారీ గుడ్డ మడతలోని కొత్త వైపు తిప్పుకోండి, లేకపోతే తీసిన జిడ్డునే మళ్లీ పూస్తారు. కుళాయి నీటిలోని లవణాలు ఆరాక తెల్లచుక్కలుగా మిగులుతాయి కాబట్టే డిస్టిల్డ్ వాటర్ అన్నాను.

జవాబు (నిదానం)

పై జవాబు సరైనదే గానీ, పాతబడిన జిడ్డు ఒక్కోసారి నీటికి లొంగదు. ఆపిల్ సంస్థ నానో టెక్స్చర్ అనే తన మెరుపు లేని తెరలను తానిచ్చిన గుడ్డతోనే తుడవమని, మొండి మరకలకు మాత్రం ఆ గుడ్డను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ద్రావణంతో తడపవచ్చని చెబుతుంది. అంటే ఆల్కహాల్ అన్నివేళలా నిషిద్ధం కాదు. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రావణాలు, అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ప్లాస్టిక్ పొర మసకబారిందంటే మళ్లీ బాగుపడదు. టిష్యూ కాగితం కూడా వద్దు, అది కలప పీచుతో చేసినది.

జవాబు (అంచుగీత)

నిదానం గారు చెప్పిన ఉదాహరణ గాజు తెరది. అక్కడ గరుకుదనం గాజులోనే చెక్కి ఉంటుంది. ప్రశ్న అడిగినవారి ప్లాస్టిక్ తెరకు దాన్ని యథాతథంగా వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు. మీ మోడల్ తయారీదారు సూచనల్లో ఆల్కహాల్ వాడవచ్చని ఉంటేనే వాడండి. లేకపోతే నీటితోనే, ఒత్తకుండా, మరికొన్నిసార్లు ఓపికగా తుడవండి. ఒకేచోట గట్టిగా రుద్దితే మ్యాట్ పైపొరలోని సూక్ష్మమైన గరుకుదనం నునుపుదేలి, అక్కడొక మెరిసే మచ్చ శాశ్వతంగా ఏర్పడుతుంది. చాలామంది దాన్ని మరకనుకుని ఇంకా రుద్దుతారు.

మెరిసే తెరలు ఉన్నవారికి ఒక మాట. వాటి మీది ప్రతిబింబాలను తగ్గించే పూతలో ఒక్కో పొర మందం సుమారు 100 నానోమీటర్ల స్థాయిలో ఉంటుంది. తెర ఆపి, పైన వెలిగే దీపం అందులో ఎలా కనబడుతోందో చూడండి. పూత ఉన్నచోట ప్రతిబింబం ఊదాగానో ఆకుపచ్చగానో, వెలుగు తగ్గి కనబడుతుంది. పూత ఊడినచోట అదే దీపం తెల్లగా, ప్రకాశంగా కనబడుతుంది, అంచులు వంకరటింకరగా ఉంటాయి. దాన్ని ఏ ద్రావణమూ పోగొట్టలేదు. టూత్‌పేస్టు చిట్కాలు నమ్మితే చుట్టుపక్కల మిగిలిన పూత కూడా పోతుంది.

ఇంకొకటి: ద్రవాన్ని నేరుగా తెర మీద చల్లకండి. అది జారి కింది అంచున చట్రం సందులోకి చేరుతుంది, తెరను నడిపే సున్నితమైన సర్క్యూట్లు చాలా ప్యానెళ్లలో అక్కడే ఉంటాయి.

తెరచాటు

అందరికీ కృతజ్ఞతలు. నీటితోనే చాలావరకు పోయింది. స్పేస్ బార్ ఆనవాలు ఒక్కటి ఏటవాలుగా చూస్తే లీలగా ఉంది, దాన్ని ఇక కదపదలచుకోలేదు. గుడ్డను ఎలా ఉతకాలి? మళ్లీ అచ్చులు పడకుండా మూత వేసేటప్పుడు మధ్యలో ఏదైనా గుడ్డ పరచవచ్చా?

జవాబు (గాజుపలక)

గుడ్డను కొద్దిపాటి సబ్బుతో విడిగా ఉతికి, సబ్బు మిగలకుండా జాడించి నీడన ఆరేయండి. బట్టలను మెత్తబరిచే ద్రావణాలు వేయవద్దు, అవి పీచుల సందులు పూడ్చి, గుడ్డకున్న జిడ్డు పట్టే గుణాన్ని పోగొడతాయి. గుడ్డ నేల మీద పడితే ఉతికేదాకా తెరకు తగిలించకండి.

మధ్యలో గుడ్డ పరచడం మాత్రం ఆలోచించి చేయండి. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో మూత వేశాక తెరకూ మీటలకూ మధ్య ఖాళీ చాలా తక్కువ కాబట్టి, మందంగా ఏది పెట్టినా ఆ ఒత్తిడి ప్యానెల్ మీద పడి అది పగలవచ్చు. మీటలనే తరచుగా తుడవడం, సంచిలో మూత వైపు బరువైన పుస్తకాలు ఆనకుండా చూసుకోవడం దానికంటే మేలు.