క్రోషియా అల్లిక అంచు గిన్నెలా పైకి లేస్తోంది, ఏం చేయాలి?

నర్సాపురం లేసు చూసి ముచ్చటపడి, తీరిక దొరికినప్పుడల్లా తెల్లటి నూలు దారంతో టీపాయి మీదికి గుండ్రటి గుడ్డ అల్లుతున్నాను. మొదటి వరుసలో 12 డబుల్ క్రోషే కుట్లు వేశాను, ఆపై ప్రతి వరుసకూ 12 చొప్పున పెంచుతున్నాను. ఐదో వరుస దాకా చక్కగా పరుచుకుంది. ఆరో వరుస నుంచి అంచు లేచి గిన్నె ఆకారం వస్తోంది. దారం బిగించి పట్టే అలవాటు నాకు కాస్త ఎక్కువే, మా అత్తగారు రోజూ ఈ మాటే అంటారు.

ఇంత అల్లాక విప్పడానికి మనసొప్పడం లేదు. సూది 1.25 మి.మీ.ది. 1.5కి మారిస్తే చాలా, లేక కుట్లే ఇంకా పెంచాలా? గంజి పెట్టి, గుండుసూదులతో సాగదీసి ఆరబెడితే అంచు కుదురుకుంటుందా? లేసు అల్లడంలో చేయి తిరిగినవారు దయచేసి చెప్పండి. చివరి వరుసకు తేలికైన అంచు డిజైను ఏదైనా తెలిస్తే పనిలో పనిగా అదీ చెప్పగలరు.