"చదువుటయందును జాగ్రత్తగా ఉండుము": ఇది ఏ చదువు?

తిరుపతిలో యూత్ రిట్రీట్ బ్యానర్ల మీద తరచూ కనిపించే బైబిల్ వచనం 1 తిమోతి 4:12. పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన ఉత్తరంలోది. "నీ యౌవనమునుబట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము." తృణం అంటే గడ్డిపోచ. నిన్నెవరూ గడ్డిపోచలా తీసిపారెయ్యకుండా చూసుకో అని. కుర్రకారుకు భలే నచ్చుతుంది.

దాని కింది వచనం మాత్రం బ్యానరెక్కదు. "నేను వచ్చువరకు చదువుటయందును హెచ్చరించుటయందును బోధించుటయందును జాగ్రత్తగా ఉండుము." అసలే హాస్టళ్ల ఊరు, చదువంటే ఇక్కడ నీట్, జేఈఈ. పరీక్షల ముందు ప్రార్థనలో దీన్ని వాడగా విన్నాను. పౌలు చెప్పింది ఆ చదువేనా అని సంఘంలో తోటివాళ్లను అడిగాను. తలా ఒక మాట అన్నారు.

— కాదక్కా. గ్రీకులో ఉన్నది అనాగ్నోసిస్. అపొస్తలుల కార్యములు 13:15లో, సమాజమందిరంలో ధర్మశాస్త్రం చదివారన్న చోటా అదే మాట. పదిమందిలో పైకి చదివి వినిపించడం.

— పెళ్లిలో చదివింపులూ పేరుపేరునా పైకి చదివేవే కదా! ఆ అర్థం మనకు కొత్తేం కాదు.

— అట్లని ఒంటరిగా చదువుకోవడాన్ని తీసెయ్యకండి సార్. 2 తిమోతి 4:13లో అదే పౌలు సంకెళ్లలో ఉండి పుస్తకాలు, "ముఖ్యముగా చర్మపు కాగితములను" తెమ్మంటాడు. యూత్ లీడర్లు బోధకు ముందు పుస్తకం తెరవాల్సిందే. యూట్యూబ్ ప్రసంగం విని అప్పజెప్పేస్తే ఎట్లా?

— ఇంకో సంగతి. ఆ యౌవనం మన టీనేజ్ కాదు. రెండో శతాబ్దపు క్రైస్తవ బోధకుడు ఐరేనియస్ లెక్కలో నలభై దాకా యౌవనమే. తిమోతి ఎఫెసు పట్టణపు సంఘంలో బోధించే బాధ్యతలో ఉన్నవాడు, కుర్చీలో కూర్చుని వినేవాడు కాదు.

ఈ చివరి మాట నాకు బాగా పట్టింది. మన యూత్ మీటింగుల్లో పాటలు, ఆటలు అయ్యాక ఫోన్‌లో ఒక్క వచనం చూసి వదిలేస్తాం. పిల్లలు ప్రేక్షకులుగానే మిగులుతున్నారు. మొన్న ఒక ఇంటర్ అమ్మాయి "తృణీకరింప... నియ్య..." దగ్గర ఆగి నవ్వేసింది. విడగొట్టి చెప్పాక గట్టిగా చదివి, "తిమోతిని తీసిపారేసిందెవరు, సంఘ పెద్దలేనా అక్కా?" అంది. పాటల మధ్య ఇట్లాంటి ప్రశ్న రాదు.

— అయితే ఆదివారం పెద్ద ఆరాధనలోనే వాక్యపఠనం వాళ్లకివ్వండక్కా. అధ్యాయం శనివారమే చెప్పెయ్యండి, ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని వస్తారు.